ఆటకు వెల: పులిమేక నుండి వీడియో ఆట వరకు

తుంగభద్రానది హంపీ శిథిలాలను ఒరసికొని, ఈశాన్యముగా సాగి, మంత్రాలయం చేరుతుంది. ఆ హంపీలో విజయనగర కాలపు మండపాల రాతినేలపై పులిమేక మొదలైన ఆటల పటాలు చెక్కియుండుట నేటికీ చూడవచ్చును. యాత్రికులో, కాపలాదారులో, పని లేని వేళ శిల్పులో ఆ గీతలు గీసియుందురు. నది దిగువన రాయలసీమ పల్లెలలో ఉలి కూడ అక్కరలేకపోయినది. వేరుసెనగ పంట ఇంటికి చేరిన పిమ్మట రచ్చబండపై బొగ్గుతో గీతలు గీసి, మూడు పెద్ద రాళ్లను పులులుగా, పదిహేను చిన్న రాళ్లను మేకలుగా పెట్టుకొంటే చాలును. ఆటకు వెల లేదు, యజమాని లేడు. పొరుగూరివారు ఒక నియమము మార్చుకొన్నా అడిగేవారు లేరు.

వీడియో ఆటల చరిత్రను సాధారణముగా బొమ్మల అభివృద్ధిగా చెబుతారు: చుక్కలు బొమ్మలైనవి, బొమ్మలు రంగులు తొడుగుకొన్నవి, రంగులు సినిమాను మించినవి అని. అది నిజమే. కాని ఆటకు వెల ఎవరు, ఎప్పుడు, ఏ రూపమున చెల్లించినారని అడిగినచో ఈ చరిత్ర మరింత స్పష్టముగా అర్థమగును. వెల చెల్లించే పద్ధతి మారినప్పుడెల్ల ఆట స్వరూపమే మారినది.

తొలి ఆటలకు పులిమేక వలెనే వెల లేదు. 1952లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎ. ఎస్. డగ్లస్ అనే పరిశోధకుడు ఎడ్సాక్ అనే గణనయంత్రముపై, మన పిల్లలు పలకమీద ఆడే సున్నా-ఇంటూ ఆటను ఆడించినాడు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బాథమ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు, సందర్శకులకు విసుగు కలుగకుండుటకై, ఆసిల్లోస్కోపు తెరపై టెన్నిసు బంతి ఎగిరే ఆట ఏర్పాటు చేసినాడు. జనము బారులు తీరినారు. ఆయన దానికి పేటెంటు కూడ తీసికొనలేదు. 1962లో ఎం.ఐ.టి. విద్యార్థులు 'స్పేస్‌వార్' అనే ఆట వ్రాసి, అడిగిన ప్రయోగశాలకెల్ల ఉచితముగా ఇచ్చినారు.

నాణెము 1970 తరువాతనే ప్రవేశించినది. 1972లో అటారీ సంస్థ కొరకు అలన్ ఆల్కార్న్ 'పాంగ్' అనే యంత్రమును నిర్మించినాడు. అందులో కంప్యూటరు లేదు, ప్రోగ్రాము లేదు. చిన్న చిన్న తర్క వలయములే టెలివిజను తెరపై బంతిని, రెండు బ్యాట్లను గీచేవి. సన్నీవేల్ పట్టణములోని ఒక మద్యశాలలో మొదటి యంత్రము నిలిపినారు. కొన్నాళ్లకు అది పనిచేయలేదని కబురు రాగా ఆల్కార్న్ వెళ్లి తెరచి చూచినాడు. పెట్టె నిండి నాణెములు పొంగిపొరలుటయే దాని వ్యాధి.

నాణెముతో నడిచే ఆటకు ఒక షరతు ఉన్నది: అది త్వరగా ముగియవలెను, కాని మరల ఆడవలెనన్న పట్టుదల కలిగించవలెను. ఈ కొలతకు చక్కగా అమరిన ఆట 1978లో జపానులో వచ్చిన 'స్పేస్ ఇన్‌వేడర్స్'. తోమోహిరో నిషికాదో దీని రూపకర్త. తెరపై అయిదు వరుసలలో 55 మంది శత్రువులు. వారు చచ్చేకొలది మిగిలినవారి వేగము హెచ్చుతుంది, గుండె దడ కూడ హెచ్చుతుంది. ఇది ముందుగా ఆలోచించి పెట్టిన చమత్కారము కాదు. ఆ యంత్రములోని ప్రాసెసరు సెకనుకు 60 పర్యాయములు పనిచేస్తూ, ఒక్కొక్క పర్యాయము ఒక్క శత్రువును మాత్రమే జరపగలిగేది. 55 మంది ఉన్నప్పుడు అందరూ ఒక్క అడుగు వేయుటకు దాదాపు ఒక సెకను పట్టును. అయిదుగురే మిగిలినచో సెకనులో పన్నెండవ వంతు చాలును. యంత్రపు బలహీనతనే నిషికాదో ఆటకు బలముగా నిలుపుకొన్నాడు. తరగతిలో భాగహారము చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె సరదా ఉదాహరణము దొరుకుట కష్టము.

ఈ కాలమున మంత్రాలయం పరిసరములలో టెలివిజను తెర యనునదే అరుదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు 'సైట్' ప్రయోగము క్రింద ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహము ద్వారా కార్యక్రమాలు అందినవి. అందులో మంత్రాలయం పొరుగుననున్న రాయచూరు జిల్లా పల్లెలు కూడ కలవు. అక్కడి రైతులు ఊరికొక్క టెలివిజను ముందు కూర్చొని వ్యవసాయ పాఠాలు విన్న ఆ శీతకాలముననే అమెరికా ఇండ్లలో పిల్లలు సొంత టెలివిజనుకు పాంగ్ పెట్టె తగిలించుకొన్నారు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో వెలసినది.

ఇంటి ఆటల వ్యాపారము అమెరికాలో 1983లో కుప్పకూలినది. నాసిరకపు ఆటలు గుట్టలుగా మిగిలిపోగా, అటారీ సంస్థ వాటిలో కొన్నింటిని న్యూమెక్సికో రాష్ట్రములోని ఆలమగోర్డోలో చెత్తకుప్పక్రింద పూడ్చినది. అదే ఏడాది జపానులో నింటెండో 'ఫామికామ్' అనే యంత్రమును విడుదల చేసినది. ఆట ఉన్న క్యాసెట్టును ఒకసారి కొంటే ఎన్నిమార్లైనా ఆడవచ్చును. కనుక ఆట ఇక త్వరగా ముగియనక్కరలేదు. సుదీర్ఘముగా, వింతలతో నిండియుండవలెను. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' అట్టిది. ఆ ఆట అంతయు 40 కిలోబైట్లే. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఒక ఫొటో అంతకు ఎన్నో రెట్లు పెద్దది. జాగా కలిసివచ్చుటకై మేఘమునకు, పొదకు ఒకే బొమ్మ వాడినారు. తెల్లరంగు వేస్తే మేఘము, పచ్చరంగు వేస్తే పొద.

రాయలసీమ పట్టణాల పిల్లలకు మారియో పరిచయమైనది 1990 తరువాత, అదియు ఫామికామ్‌కు నకళ్లయిన చవక యంత్రముల ద్వారా. యంత్రము కొనలేని పిల్లలే ఎక్కువ. వారికొరకు సందులలో అద్దెగదులు వెలసినవి: రెండు మూడు టెలివిజనులు, కొన్ని జాయ్‌స్టిక్కులు, గోడమీద ఒక గడియారము. వెల గంటకింత, అరగంటకింత. ఇది నాణెము పద్ధతియు కాదు, కొనుగోలు పద్ధతియు కాదు. అమెరికా పిల్లవాడు చావుకు భయపడి ఆడగా, ఇక్కడి పిల్లవాడు గడియారమునకు భయపడి ఆడినాడు. మారియో చివరి కోటను చూడకయే ఎందరో పెద్దవారైపోయినారు. 'కాంట్రా'ను ఇద్దరు కలిసి ఆడినచో అద్దె సగము పడేది. స్నేహమునకు అదియు ఒక కారణము!

ఇక వేసవిలో కరెంటు పోయేది. నాలుగవ లోకము దాకా చేరినవాడు మరల మొదటి లోకములో పడేవాడు. ఆట క్యాసెట్టులోని రామ్ కానట్టి స్థిరమైన జ్ఞాపకములో, అనగా రోమ్‌లో, ఉండును. అది విద్యుత్తు పోయినా చెరగదు. కాని ఆటగాడు ఎంతవరకు వచ్చినాడన్న లెక్క యంత్రములోని రెండు కిలోబైట్ల రామ్‌లో ఉండును. విద్యుత్తుతోబాటే అదియు పోవును. కరెంటు పోయిన వేళ అద్దెలో కలుపవలెనా వద్దా అనే తగవు మాత్రము ఏ శాస్త్రమునకు లొంగలేదు.

క్యాసెట్టు పనిచేయకపోతే దాని నోట ఊదుట ఆనాటి పిల్లలందరికి తెలిసిన వైద్యము. నిజానికి మేలు చేసినది ఊపిరి కాదు, తీసి మరల గుచ్చుట; అందువలన లోహపు పళ్లు సరిగా కలిసికొనేవి. ఊపిరిలోని తేమ ఆ పళ్లకు తుప్పు తెచ్చేది. ఊదవద్దని నింటెండోయే హెచ్చరించినది.

1997లో నోకియా ఫోనులో పాము ఆట వచ్చినది. తెర వెడల్పు 84 చుక్కలు, ఎత్తు 48 చుక్కలు. దాని వెల ఫోను వెలలోనే కలిసిపోయినది గనుక ఎవరికీ బరువనిపించలేదు. 2016లో జియో రాకతో ఇంటర్నెట్టు చవకైన పిమ్మట, ఆట చేరుటకు ఉచితము, సాగుటకు ఖర్చు అనే పద్ధతి పల్లెలకు పాకినది. నాణెపు ఆట త్వరగా ముగియవలెను. క్యాసెట్టు ఆట ఎప్పుడో ఒకనాడు ముగియవలెను. ఈ కొత్త ఆట ముగియనే రాదు. ఆటగాని సమయమే ఇక్కడ సరుకు. పబ్‌జీ ఆటను 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వము నిషేధించినప్పుడు దేశభద్రతను కారణముగా చూపినను, పిల్లల నిద్రను గూర్చి తల్లిదండ్రులు అంతకు ముందునుండే మొరపెట్టుకొనుచుండిరి.

పణము ఒడ్డే ఆటల సంగతి వేరు, దాని మూలము తెలుగునేలనే ఉన్నది. సికిందరాబాదులోని ఒక క్లబ్బు విషయమై వచ్చిన వ్యాజ్యములో, రమ్మీ ప్రధానముగా నైపుణ్యముతో కూడిన ఆట యని సుప్రీంకోర్టు 1968 నాటి నివేదికలకెక్కిన తీర్పులో పలికినది. ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారులు దశాబ్దాల తరువాత ఆ మాటనే గొడుగుగా పట్టుకొన్నారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి దీనిని నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసి, పణము లేని ఆటలను వేరుపరచినది.

ఆ వేరుపరచిన ఆటల వ్యాపారము సామాన్యమైనది కాదు. అనంతపురం జిల్లా బుక్కాపురము వారైన బి. ఎన్. యుగంధర్ కుమారుడు, హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల ఆధ్వర్యమున మైక్రోసాఫ్టు 2014లో మైన్‌క్రాఫ్ట్ ఆటను 250 కోట్ల డాలర్లకు, 2023లో ఆక్టివిజన్ బ్లిజర్డ్ సంస్థను 6,870 కోట్ల డాలర్లకు కొన్నది. హైదరాబాదులోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి సంస్థల స్టూడియోలలో తెలుగు యువకులు ఆటలు తయారుచేయుచున్నారు.

ఇంత ధనము ప్రవహించినను పాత ఆటలు నిలుచుట లేదు. అమెరికాలో 2010కి పూర్వము విడుదలైన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని 2023 నాటి ఒక అధ్యయనము తేల్చినది. ఆలమగోర్డో చెత్తకుప్పను 2014లో త్రవ్వితే బయటపడిన క్యాసెట్టు ఒకటి స్మిత్సోనియన్ ప్రదర్శనశాలకు చేరినది. రాయలసీమ ఇండ్ల అటకలపై ఇంకను అట్టి క్యాసెట్టులు దుమ్ము పట్టి ఉన్నవి. ఉన్నత పాఠశాలకు ఒకటి తెప్పించి, మరలు విప్పి చూపవచ్చును. లోపల అరచేయి వెడల్పు ఆకుపచ్చ పలక, దాని అంచున బంగారు రంగు పళ్లు, నడుమ ఒక నల్లని జిగురు బొట్టు. ఆ బొట్టు క్రింద సన్నని సిలికాను ముక్కలో మారియో, అతని మేఘములు, పొదలు అన్నియు ఉన్నవి.