ట్యాబ్ ఎంపిక
టాబ్లెట్ కంప్యూటర్, మన వాడుకలో ట్యాబ్, 2010లో ఐప్యాడ్ రాకతో జనంలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు 8.7 అంగుళాల శామ్‌సంగ్ ట్యాబ్‌లను, నెట్ లేకున్నా నడిచే పాఠాలతో ఇచ్చింది. కొనేవాళ్లు గమనించాల్సింది నెట్ లేకున్నా పాఠాలు నడవడమే. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి ఏటా కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు వలస వెళ్తాయి. వెంట వెళ్లే పిల్లకు నెట్ లేనిచోటా చదువు సాగాలంటే, కెమెరా కన్నా పాఠాలు దాచుకునే మెమరీ కార్డు పెట్టుకునే వీలు, రోజంతా నిలిచే బ్యాటరీ ముఖ్యం. ఫోను చాలదా అంటారు. ఆరంగుళాల తెరపై లెక్క చదవాలంటే పేజీని పెద్దది చేసి పక్కకు జరపాలి. పై వరుస చూస్తుంటే కింది వరుస కనబడదు. ఐప్యాడ్ ఎక్కువ కాలం మన్నుతుంది, నిజమే; కానీ అందులో కార్డుకు చోటు లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో, రిపేరు దగ్గర్లో దొరుకుతుందో లేదో అడిగాకే డబ్బు కట్టండి.