వీధి బాలలూ రైళ్లూ: న్యూయార్క్ నుంచి విజయవాడ దాకా

పందొమ్మిదో శతాబ్దం నడుమ న్యూయార్క్ నగరం ఐరోపా నుంచి, ముఖ్యంగా కరవు బారిన పడిన ఐర్లాండ్ నుంచి, వచ్చిన వలస కుటుంబాలతో కిక్కిరిసిపోగా, తల్లిదండ్రులను అంటురోగాలకు పోగొట్టుకున్నవారూ, ఇంట్లో తిండి కరవై బయటపడ్డవారూ అయిన పిల్లలు వేల సంఖ్యలో పత్రికలు అమ్ముతూ, బూట్లకు పాలిష్ చేస్తూ, చిత్తు కాగితాలు ఏరుతూ వీధుల్లోనే పెరిగారు. దిక్కులేనితనాన్ని నేరంతో కలిపి చూసిన ఆనాటి వ్యవస్థలో ఇటువంటి పిల్లల గమ్యం తరచుగా 1825లో వెలసిన దిద్దుబాటు గృహమే అయ్యేది.

ఈ స్థితిని మార్చాలని మతాచార్యుడు ఛార్లెస్ లోరింగ్ బ్రేస్ 1853లో బాలల సహాయ సంఘాన్ని స్థాపించి, మరుసటి ఏడే పత్రికలు అమ్మే పిల్లల కోసం స్వల్ప రుసుముతో పడకా భోజనమూ దొరికే వసతి గృహాన్ని తెరిచాడు. ఆ పిల్లలు పత్రికలను ముందుగా డబ్బు చెల్లించి కొనేవారు, మిగిలిపోయిన ప్రతులను ఎవరూ వెనక్కి తీసుకునేవారు కారు కనుక, పెట్టుబడి మునిగిపోకుండా అర్ధరాత్రి దాకా అరుస్తూ తిరగవలసివచ్చేది. నూరు ప్రతులకు 50 సెంట్లున్న టోకు ధర 1898లో యుద్ధవార్తల గిరాకీ వేళ 60 సెంట్లకు పెరిగి, యుద్ధం ముగిశాక కూడా రెండు ప్రధాన పత్రికల విషయంలో తగ్గకపోవడంతో, 1899 జులైలో పిల్లలు సమ్మె కట్టారు. ధర తగ్గకపోయినా, అమ్ముడుపోని ప్రతులను వెనక్కి తీసుకోవడానికి యజమానులను ఒప్పించగలిగారు.

బ్రేస్ చేపట్టిన మరో కార్యక్రమం మరింత విస్తృతమైనది. అనాథల రైళ్లుగా తర్వాతి కాలంలో పేరుపడ్డ ఈ ఏర్పాటు కింద 1854 నుంచి 1929 వరకు వివిధ సంస్థలు దాదాపు 2 లక్షల మంది పిల్లలను పడమటి రాష్ట్రాల పల్లెలకు తరలించాయి. అక్కడ చర్చిలోనో నాటకశాలలోనో వరసగా నిలబెట్టిన పిల్లలను రైతులు చూసి ఎంచుకునేవారు. కన్నబిడ్డల్లా సాకినవారు ఉన్నట్టే జీతంలేని కూలీలుగా వాడుకున్నవారూ ఉన్నారు. అన్నదమ్ములు వేరువేరు ఊళ్లకు చెదిరిపోయారు. తల్లో తండ్రో బతికే ఉన్న పిల్లలూ వీరిలో ఎందరో ఉన్నారు.

భారతదేశంలో రైలు పాత్ర తిరగబడింది, ఇక్కడ పిల్లలను పంపినవారు ఎవరూ లేరు, ఇంట్లో దెబ్బలకూ ఆకలికీ తాళలేక వారే రైలెక్కి నగరాలకు చేరారు. ఉత్తర దక్షిణ మార్గాలు కలిసే విజయవాడ జంక్షన్ అటువంటి మజిలీ. బోగీలు ఊడ్చి చిల్లర అడుక్కుంటూ, ఖాళీ సీసాలు ఏరి అమ్ముకుంటూ బతికే పిల్లల కోసం 1989లో ఆ నగరంలో నవజీవన్ బాలభవన్ ఏర్పడింది. చట్టం మాత్రం నెమ్మదిగా కదిలింది. కోస్తా, రాయలసీమలకూ వర్తించిన 1920 నాటి మద్రాసు బాలల చట్టం నుంచి 1986 నాటి బాలల న్యాయ చట్టం మీదుగా సాగి, 2000 నాటి చట్టంతో ఇటువంటి పిల్లలు "సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు"గా గుర్తింపు పొంది, వారి విషయంలో నిర్ణయాధికారం బాలల సంక్షేమ కమిటీలకు దక్కింది. 1996లో ముంబయిలో మొదలైన 1098 ఫోన్ సేవ పిల్లలే స్వయంగా సాయం కోరే దారి తెరిచింది.

సంపన్న దేశంలోనూ వర్ధమాన దేశంలోనూ పిల్లలు వీధిన పడటానికి ఇంటి హింస, పేదరికం, వలస వంటి కారణాలు ఉన్నాయి. అమెరికా సైతం 1974లో ఇల్లు విడిచిన యువత కోసం ప్రత్యేక చట్టం చేయవలసివచ్చింది. పిల్లలను వీధి నుంచి తరలించినంత మాత్రాన సమస్య తీరదని అనాథల రైళ్ల చరిత్ర రుజువు చేయగా, తమ కష్టానికి పరిష్కారం ఏమిటో పిల్లలు చెప్పగలరని 1899 సమ్మె నిరూపించింది. కాబట్టి ఇంటికి పంపాలన్నా, వసతి గృహంలో చేర్చాలన్నా ముందుగా ఆ పిల్లల మాట వినడం ఏ ప్రభుత్వానికైనా తొలి కర్తవ్యం.