బొడ్డు చుట్టూ 14 సూదులు: కుక్క టీకా భయం ఎక్కడినుంచి వచ్చింది

కుక్కకాటు ఎపిసోడ్ తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువ ఒకే మాట. "అన్నా, ఇంటికాడ కుక్కకి సూది వేయించినం, సాయంత్రానికల్లా మూతి వాచింది. ఇంక వేయించొద్దని ఇంట్లో చెప్పిన." ఇక్కడ మా సులై క్యాంపులో కూడా ఈ మాట విన్నాను. ఇంకొకాయన అయితే, సూది వేస్తే కుక్కకి కాళ్లు పడిపోతాయని వాళ్ల తాత చెప్పేవాడని అన్నాడు. ఎపిసోడ్‌లో టైం చాలలేదు, అందుకే ఆ ముచ్చట ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. ఆ తాత అబద్ధం చెప్పలేదు.

రేబిస్ టీకా మొదటిసారి మనిషికి పడింది 1885 జూలైలో, పారిస్‌లో. లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి వేయించాడు. అంతకుముందు దాన్ని కుక్కల మీదే పరీక్షించాడు. అది దేంతో చేశారంటే, రేబిస్ ఎక్కించిన కుందేలు వెన్నుపాముని ఎండబెట్టి. అక్కడ మొదలైన అలవాటు, అంటే జంతువు మెదడులోనో వెన్నులోనో వైరస్‌ని పెంచి దాన్నే మందుగా వాడటం, ఆ తర్వాత వంద ఏళ్లకి పైగా నడిచింది.

మన దేశంలో 1900లో హిమాలయాల దగ్గర కసౌలిలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. దక్షిణాదిలో పిచ్చికుక్క కరిస్తే రైలెక్కి అంత దూరం పోవాలి. చేరేలోపే ప్రాణం పోయిన వాళ్లున్నారు. ఆ బాధలోంచే 1907లో నీలగిరుల్లో కూనూర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే కదా, వాళ్లకీ అదే దగ్గర.

1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ అనే డాక్టర్ కొత్త పద్ధతి తెచ్చాడు. గొర్రె మెదడులోకి వైరస్ ఎక్కించి, జబ్బు ముదిరాక ఆ మెదడు తీసి నూరి, ఫినాల్ కలిపి వైరస్‌ని చంపి సీసాల్లో నింపడం. చవక. ఊరి దవాఖానకి కూడా పంపొచ్చు. దీనివల్ల బతికిన వాళ్లకి లెక్కలేదు, ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే. మన చిన్నప్పుడు బొడ్డు చుట్టూ 14 సూదులు అనేవాళ్లు చూడండి, అదే ఇది. కుక్కలకైతే జపాన్‌లో ఉమెనో, డోయ్ అనే ఇద్దరు 1921 నాటికి ఒక్క సూదితో సరిపోయే టీకా చేశారు. అదీ మెదడు టీకానే.

సమస్య ఆ మెదడులోనే ఉంది. నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది, మన ఎలక్ట్రీషియన్ భాషలో చెప్పాలంటే వైరు మీద ఇన్సులేషన్. గొర్రె మెదడుతోపాటు ఆ పొర కూడా ఒంట్లోకి పోతుంది. దాన్ని శత్రువు అనుకుని శరీరం ఎదురుతిరుగుతుంది. తిరిగి తిరిగి చివరికి తన సొంత నరాల ఇన్సులేషన్‌నే తినేస్తుంది. కొందరికి కాళ్లు పడిపోయేవి, కొందరు చనిపోయేవారు కూడా. తప్పు వైరస్‌ది కాదు, మెదడుదే అని తేల్చడానికి న్యూయార్క్‌లో థామస్ రివర్స్ బృందం 1933లో కోతులకి వైరస్ లేని ఉత్త కుందేలు మెదడు సూదులు పదే పదే వేసింది. వాటిలో కొన్నిటికి కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పాయి. 1949లో జెర్విస్, బర్క్‌హార్ట్, కొప్రోవ్‌స్కీ టీకా వేసిన కుక్కల్లోనూ అదే నరాల జబ్బు చూపించారు.

తాత చూసింది ఇదే అయ్యుండొచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. ఏ పిచ్చికుక్కో అప్పటికే కరిచి, రేబిస్ లోపల ముదురుతున్న కుక్కకి టీకా వేస్తే అది ఆగదు. రేబిస్‌లో ఒక రకం కాళ్లు పడిపోయే రకమే. అప్పుడు నింద సూది మీదికి పోతుంది.

ఈ మెదడు మందు వదిలించుకోవడానికి 1948లో కొప్రోవ్‌స్కీ, కాక్స్ కోడి గుడ్డులో పెంచిన వైరస్‌తో టీకా చేశారు. ఫ్లూరీ అంటారు. నరాల గొడవ పోయింది. కానీ అది బతికున్న వైరస్, బలహీనపరిచింది మాత్రమే. లేత కుక్కపిల్లల్లో, పిల్లుల్లో కొన్నిసార్లు అదే రేబిస్ తెప్పించింది. కాలేయ జబ్బుకి వేసే పాత టీకాతో కొన్ని కుక్కల కన్ను నీలంగా మారేది. అందులోని వైరస్ రకాన్నే మార్చాక ఆగింది. ఒక్కో రియాక్షన్ వెనక ఒక్కో కారణం, ఒక్కో మార్పు.

ఇప్పటి రేబిస్ టీకా సీసాల్లో పెంచిన కణాల్లో తయారవుతుంది. వైరస్‌ని పూర్తిగా చంపేస్తారు, మెదడు ముక్క ఉండదు. మన హైదరాబాద్‌లోనే 1982లో ఎన్‌డీడీబీ పెట్టిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ కుక్కలకి రక్షారాబ్, మనుషులకి అభయరాబ్ చేస్తోంది. మనుషులకి గొర్రె మెదడు టీకా మాత్రం దేశంలో 2004 డిసెంబర్ దాకా నడిచింది. అంటే మన వయసువాళ్లం కళ్లారా చూసిన భయం అది, పుస్తకాల్లోది కాదు.

మరి ఇప్పుడు మూతి ఎందుకు వాస్తోంది? అది ఎలర్జీ. టీకాలో మిగిలిన దూడ సీరం లాంటి ప్రోటీన్లు కొన్ని కుక్కలకి పడవు. గంటల్లోపే మూతి, కళ్ల చుట్టూ వాపు, దద్దుర్లు, దురద. ముదిరితే వాంతులు, విరేచనాలు, కూలబడిపోవడం. ఒకరోజు మందకొడిగా పడుకోవడం, సూది పడ్డచోట గడ్డ కట్టడం మామూలే.

ఎంత తరచుగా వస్తుందంటే, అమెరికాలో 2002, 2003ల్లో టీకా పడ్డ 12 లక్షల పైచిలుకు కుక్కల రికార్డులు చూసి 2005లో లెక్క ప్రచురించారు. మూడు రోజుల్లోపు రియాక్షన్ నమోదైనవి 4,678. పది వేలకి సుమారు 38. సైట్ గేటు దగ్గర సేఫ్టీ బోర్డు గుర్తు తెచ్చుకోండి. ఎన్ని యాక్సిడెంట్లు అని ఒక్కటే రాస్తే అర్థం లేదు, ఎన్ని పని గంటలకి అన్నది పక్కన ఉండాలి. వాట్సాప్‌లో తిరిగే వీడియోలో ఆ రెండో నంబర్ ఉండదు. అదే లెక్కలో చిన్న సైజు కుక్కలకి, ఒకే రోజు ఎక్కువ టీకాలు వేసినప్పుడు రియాక్షన్లు ఎక్కువ కనిపించాయి. పగ్ కూడా ఆ జాబితాలో పైనే ఉంది, అదే మన హచ్ యాడ్ కుక్క.

కాబట్టి మూతి వాచిన కుక్క ఇంట్లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో ఇంటివాళ్లకి చెప్పాల్సింది "వేయించొద్దు" అని కాదు. వాపు ఫోటో, టీకా కార్డు పశువుల డాక్టర్‌కి చూపించమనండి. నైన్ ఇన్ వన్, రేబిస్ ఒకే రోజు వేశారా అని అడగమనండి. వేరే వేరే రోజుల్లో వేయొచ్చు, ముందుగా ఎలర్జీ మందు ఇవ్వాలా అన్నది ఆయన చూస్తాడు. సూది తర్వాత కనీసం అరగంట అక్కడే కూర్చోమనండి. వాంతులు మొదలైతే ఇంట్లో మజ్జిగ పట్టించడం కాదు, వెనక్కి పరుగే. ఎలర్జీకి డాక్టర్ దగ్గర మందు ఉంటుంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక కుక్కకైనా మనిషికైనా ఎవరి దగ్గరా మందు లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దానివల్ల చనిపోతున్నారని అంచనా, అందులో మూడో వంతుకి పైగా మన దేశంలోనే.

మొన్న ఇక్కడ గోడౌన్ల వెనక ఒక పిల్లగాడిని కుక్క కరిచింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. జీతం కోత భయమేమో అనుకున్నా. కాదంట, బొడ్డు చుట్టూ సూదులకి భయపడ్డాడంట. వాడికి 23 ఏళ్లు, ఆ సూది కంటితో చూసే అవకాశమే లేదు. ఇప్పుడు భుజానికి నాలుగో ఐదో డోసులు, అంతే. కరిచిన చోట సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, అదే రోజు దవాఖానకి పోవాలి. వాడిని నేనే బండిలో తీసుకెళ్లా. మొదటి డోసు పడ్డాక చొక్కా పైకెత్తి పొట్ట చూపిస్తూ, "ఇంక ఇక్కడ ఎప్పుడు వేస్తరు?" అని నర్సుని అడిగాడు.