కైఫియత్తులో మా పేరు

శ్రీకాకుళం చరిత్ర అనగానే ఆంధ్ర మహావిష్ణువు, రాయల కల, ఆముక్తమాల్యద. ఇవన్నీ మనవే, కాదనేదెవరు? అక్కడితో పుస్తకం మూసేస్తేనే పేచీ. ఆ పక్కనే ఉన్న కూచిపూడిని గోల్కొండ తానీషా అగ్రహారంగా ఇచ్చాడని భాగవతులే చెప్పుకుంటారు.

మన స్థానిక చరిత్రల్లో ముస్లింకి రెండే వేషాలు: గుడి కూల్చిన తురక, దానమిచ్చిన మంచి నవాబు. రెంటిలోనూ అతను పైనుంచి వచ్చినవాడే, ఊరివాడు కాడు. ఇంటింటికీ దూది ఏకిన దూదేకుల సాయిబు ఏ పేజీలో ఉన్నాడు?

మాటల్నే సాక్ష్యం అడుగుదాం. బందరు అంటే ఫారసీలో రేవు. కలంకారీ అంటే కలంతో చేసే పని, అదీ ఫారసీయే. 1611లో ఇంగ్లీషువాళ్లు కొఠీ పెట్టేనాటికి మచిలీపట్నం గోల్కొండ రాజ్యపు రేవు. ఆ శతాబ్దంలో ఇక్కడి అద్దకం బట్టలు ఓడలెక్కి పర్షియా వెళ్లాయి. అద్దిన చేయి ఇక్కడిది, దాని మీది పూలతీగలో ఇరాన్ ఉంది. ఏది మనది, ఏది పరాయిది?

అంతెందుకు, మెకంజీ సేకరించిన ఊరి చరిత్రల పేరే కైఫియత్తులు. అరబ్బీలో పుట్టి, ఉర్దూలో తిరిగి, తెలుగు కరణం కలమెక్కిన మాట అది.

ఊరి చరిత్ర రాసేవారు గుడి శాసనం చదవండి. దర్గా ముతవల్లీ దగ్గరున్న పాత కాగితమూ చూడండి, దూదేకుల అవ్వనూ అడగండి. మాకు పొగడ్తలక్కర్లేదు. ఊరి లెక్కలో మా పేరుంటే చాలు.