ఇటుకలు కాల్చిన చేతులే విమానం పట్టాయి



విమానం నడపడం నేర్పేది సైన్యమో, డబ్బున్నవాళ్ళ ఫ్లయింగ్ క్లబ్బులో అనుకుంటాం మనం. కానీ బానిసత్వం నుంచి బయటపడ్డవారి పిల్లల కోసం పెట్టిన ఒక కాలేజీ ఆ విద్యకు పెట్టింది పేరయింది. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

అమెరికా దక్షిణ భాగాన అలబామా రాష్ట్రంలో టస్కెగీ అని చిన్న ఊరు. 1881లో అక్కడ నల్లజాతివారి కోసం ఒక విద్యాలయం వెలిసింది. దాని మొదటి అధిపతి బుకర్ టి. వాషింగ్టన్ తానే బానిసగా పుట్టినవాడు. పిల్లలు చదువుకుంటూనే ఇటుకలు కోసి, కాల్చి, తమ గదులు తామే కట్టుకున్నారు. మన వంటింటి వేరుశెనగ మీద అన్ని పరిశోధనలు చేసిన జార్జి వాషింగ్టన్ కార్వర్ పాఠాలు చెప్పింది కూడా అక్కడే.

ఆ రోజుల్లో అమెరికా సైన్యం నల్లవారిని విమానాల దరిదాపులకు రానిచ్చేది కాదు. వాళ్ళకు పెద్ద బాధ్యతలు మోసే శక్తి లేదని 1925లో సైనిక కళాశాల ఒక నివేదిక కూడా రాసిపెట్టింది. పిల్లను పొయ్యి దగ్గరికే రానివ్వకుండా, దానికి వంట రాదని ఊరంతా చాటినట్టు లేదూ ఈ వరస!

1939లో ప్రపంచాన్ని యుద్ధమేఘాలు కమ్ముకున్నాయి. కాలేజీ విద్యార్థులకు విమానం నడపడం నేర్పించాలని అమెరికా ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. టస్కెగీకీ అందులో చోటు దొరికింది. చోటైతే దొరికింది గానీ, విమానం దిగే నేల ఏదీ? మొదటి జట్టు పిల్లలు సుమారు 40 మైళ్ళ దూరంలోని మాంట్‌గోమరీకి వెళ్ళి ఎగరడం నేర్చుకున్నారు. గాలివాటం, ఇంజను పని, దారి లెక్కలు తరగతి గదిలో చదివారు. 1940లో రాతపరీక్షకు కూర్చున్నవాళ్ళందరూ ప్యాసయ్యారు.

ఆ ఏడే చార్లెస్ ఆల్ఫ్రెడ్ ఆండర్సన్ శిక్షకుడిగా వచ్చాడు. కుర్రతనంలో ఆయనకు నేర్పడానికి ఎవరూ ముందుకు రాకపోతే, అప్పోసప్పో చేసి విమానమే కొనుక్కున్న మొండి మనిషి. 1941 మార్చిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇల్లాలు ఎలినార్ టస్కెగీ వచ్చారు. అంగరక్షకులు వద్దంటున్నా వినకుండా ఆండర్సన్ నడిపే విమానం ఎక్కి కూర్చున్నారు. ఆ ఫొటో పత్రికల్లో పడింది. ఆమె సభ్యురాలుగా ఉన్న రోజెన్‌వాల్డ్ నిధి 1,75,000 డాలర్లు అప్పు ఇచ్చింది. దాంతో మోటన్ ఫీల్డ్ అనే విమాన మైదానం తయారైంది.

అప్పటికే నల్లవారి దళం ఒకటి ఏర్పాటు చేయడానికి సైన్యం ఒప్పుకుంది. ప్రాథమిక శిక్షణ మోటన్ ఫీల్డులో కాలేజీ చేతుల మీదుగానే జరిగింది. మొదటి తరగతిలో 13 మంది చేరితే, 1942 మార్చిలో రెక్కల పతకం అందుకున్నది 5గురే. యుద్ధం ముగిసి, 1946లో శిక్షణ ఆగేనాటికి 900 మందికి పైగా పైలట్లయ్యారు. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతిభేదం పాటించకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఉత్తర్వు వెనక ఈ కుర్రాళ్ళ కష్టమూ ఉంది.

మరి ఆడపిల్లల మాటో? ఆ ప్రభుత్వ పథకంలో మొదట పదిమందికి ఒకరు చొప్పున వాళ్ళనూ చేర్చుకున్నారు. అలా టస్కెగీలో చదువుకున్న మిల్డ్రెడ్ హెమ్మన్స్ 1941లో పైలట్ లైసెన్సు సంపాదించింది. ఆ ఏడాదే ఆడపిల్లలకు ఆ తలుపు మూసేశారు. తర్వాత సైనిక విమానాలు నడిపే మహిళా దళం ఏర్పడితే ఆమె దరఖాస్తు పెట్టుకుంది. లైసెన్సు ఉంది, నేర్పు ఉంది. అయినా ఒంటి రంగు చూసి కాదన్నారు. మగవాళ్ళకు అడ్డుగోడ ఒకటైతే, ఆమెకు రెండన్నమాట.

మోటన్ ఫీల్డు ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం. 2008లో అక్కడి ప్రదర్శనశాల తెరిచారు. పైలట్ల ధైర్యం గురించి అందరూ చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. దానితోపాటు, తన దగ్గర నేల లేకపోయినా పిల్లల్ని ఆకాశానికి పంపుతానని దరఖాస్తు పెట్టిన ఆ కాలేజీని కూడా తలుచుకోవాలి. మన ఇంట్లో ఆడపిల్ల ఎన్నడూ వినని చదువేదో చదువుతానంటే, నీకెందుకే అనేముందు ఒక్కసారి ఆలోచిద్దాం.