గ్రే వీధి: మేడమీద ఇళ్ళు, క్రింద అంగళ్ళు

డర్బన్ నగరం నడిబొడ్డున ఉన్న గ్రే స్ట్రీట్‌కు 2008లో డాక్టర్ యూసుఫ్ దాదూ వీధి అని పేరు పెట్టారు. మన ఇళ్ళలో పెద్దలు మాత్రం నేటికీ గ్రే వీధి అనే అంటారు. అలవాటు అంత తేలికగా పోదు కనుక మేమూ ఇక్కడ ఆ పేరే వాడుతున్నాము. నిజానికి అది కేప్ గవర్నరు సర్ జార్జ్ గ్రే పేరు. నటాల్ చెరకు తోటలకు భారతదేశం నుండి కూలీలను రప్పించాలని వాదించినవారిలో ఆయన ఒకరు.

1860 నవంబరు 16న ట్రూరో నౌక మద్రాసు నుండి వచ్చి డర్బన్ రేవు చేరింది. అప్పటి నుండి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా వచ్చినవారు 1,52,184 మంది. వారిలో విశాఖపట్నం, గంజాం వంటి జిల్లాల తెలుగువారు అనేకులు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినందువల్ల అందరినీ కలిపి మద్రాసీలు అన్నారు. మన భాష పేరు ఆ మాటలోనే మరుగుపడింది.

అయిదేళ్ళ ఒప్పందం తీరిన పిదప కొందరు నేల కౌలుకు తీసుకొని కూరగాయలు పండించారు. స్వంత ఖర్చుతో వచ్చిన వర్తకులు, ముఖ్యంగా గుజరాతీలు, గ్రే వీధిలో అంగళ్ళు తెరిచారు. 1881లో అక్కడ చిన్న మసీదు వెలసింది. దాని ప్రక్కనే కేథలిక్కుల పెద్ద చర్చి వచ్చింది. రెండింటి నడుమ మద్రసా ఆర్కేడ్ అనే అంగళ్ళ సందు ఉన్నది. అజాను, చర్చి గంట, బేరాల కేకలు అన్నీ ఒకే సందులో వినవచ్చేవి. క్రింద అంగడి, మేడమీద ఇల్లు, ముందు స్తంభాల వరండా: ఇదే ఆ వీధి కట్టడపు తీరు.

రైతులు తెల్లవారుజామునే కాయగూరలు తెచ్చి వీధిలో అమ్మేవారు. 1910లో విక్టోరియా స్ట్రీట్‌లో ఇండియన్ మార్కెట్టు తెరిచారు. అయినా చాలామంది రోడ్డు ప్రక్కనే కూర్చుని అమ్ముకున్నారు. 1934లో వారికోసం వార్విక్ ఎవెన్యూలో ఎర్లీ మార్నింగ్ మార్కెట్టు ఏర్పడింది.

1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఏ జాతివారు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుందన్నది. గ్రే వీధి ఎవరిదో మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా తేల్చలేదు. రేపు పోతుందేమోనన్న ఇంటికి ఎవరు సున్నం వేయిస్తారు? 1973లో తీర్పు వెలువడింది: భారతీయులు అక్కడ వ్యాపారం చేసుకోవచ్చును గాని కాపురం ఉండరాదు. మేడమీద వంటిళ్ళు చల్లారాయి. కుటుంబాలు చాట్స్‌వర్త్ వంటి దూరపు బస్తీలకు తరలిపోయాయి. అదే ఏట విక్టోరియా స్ట్రీట్ మార్కెట్టు అగ్నికి ఆహుతి అయింది. కొత్త భవనం తెరిచేసరికి 1990 వచ్చింది. పెట్టుబడులు ఆగిపోవడం వల్లనే పాత కట్టడాలు కొన్ని నేటికీ మిగిలాయి. ఆ పుణ్యాన్ని చట్టం ఖాతాలో వేయడానికి మాకు మనసొప్పదు.

1996లో మొదలైన వార్విక్ జంక్షన్ పునరుద్ధరణ వేరు దారి పట్టింది. నగర అధికారులు చిల్లర వ్యాపారులతో కూర్చొని మాట్లాడి నీడ, నీరు, నిల్వగదులు సమకూర్చారు. సగంలో ఆగిపోయిన పైవంతెన మీద మూలికల అంగడి పెట్టించారు. ఎందుకూ కొరగాని కాంక్రీటు ఆ విధంగా వందలమందికి బ్రతుకుతెరువైంది.

అదే నగరం 2009లో ఎర్లీ మార్నింగ్ మార్కెట్టును తొలగించి మాల్ కట్టాలని తలపెట్టింది. మరుసటి ఏడాదే ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు. 1910 నుండి లెక్కిస్తే మార్కెట్టుకు నూరేళ్ళు నిండేదీ ఆ ఏడాదే. భారతీయ, ఆఫ్రికన్ వ్యాపారులు కలిసి వీధిలోను, కోర్టులోను పోరాడారు. తుదకు మాల్ ఆలోచన విరమించుకోక తప్పలేదు. ఈ పోరులో గెలిచినవారిలో మూడు నాలుగు తరాలుగా అదే బల్ల మీద కాయగూరలు అమ్ముకొంటున్నవారున్నారు.

పిల్లలను ఆ వీధికి తీసుకొనివెళ్ళేవారికి ఒక మాట. అంగళ్ళ ముందు వరండాలో నడిస్తే అద్దాల వెనుక సరకులే కనబడతాయి. రోడ్డు దాటి ఎదుటి కాలిబాట మీద నిలిచి తలెత్తి చూడండి. కొన్ని మేడల పిట్టగోడ మీద కట్టడం పేరు, కట్టిన సంవత్సరం చెక్కి ఉంటాయి. వాటి క్రింద కిటికీల వరుస ఉంటుంది. ఒకప్పుడు కాపురాలు ఉన్నది ఆ కిటికీల వెనుకనే.