ఎర కొట్టముల నుండి బల్లి పంజరమునకు

ఆవునకును కుక్కకును మనుష్యుని ముంగిట వేల యేండ్ల చరిత్ర కలదు గాని, బల్లిని ప్రీతితో పెంచుకొనుట మిగుల నిటీవలి యాచారము. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ మ్యూజియమును పర్యవేక్షించుచుండిన ఎడ్వర్డ్ బ్లైత్, పంజాబులోని ఉప్పుకొండల నుండి వచ్చిన యొక బల్లిని 1854లో వర్ణించి శాస్త్రనామ మొసగినప్పుడు, ఖండాంతరములందు లక్షలాది గృహములలో గాజుపెట్టెలయందు దీని సంతతి పెరుగునని యెవరూహించి యుందురు? పసుపు మేనిపై నల్లని మచ్చలును, ఇంటి బల్లులకు లేని కదలెడు కనురెప్పలును, కొవ్వును దాచుకొను లావుపాటి తోకయును గల ఈ జంతువే లెపర్డ్ గెకో. ఆఫ్గనిస్థానము, పాకిస్థాను, భారతదేశపు వాయవ్య ప్రాంతముల రాతినేలలు దీని పుట్టినిల్లు. దీని జాతిదే యగు వేఱొక బల్లి మన తూర్పు కనుమలలో నేటికిని సంచరించుచు, నిరపాయకరమైన దయ్యును, విషజంతువను భయముచేత జనుల దెబ్బలకు గురియగుచున్నది.

బల్లి కథకంటె దాని నోటికందు పురుగు కథ విచిత్రమైనది. లెపర్డ్ గెకో ఆకులలములు ముట్టదు. కదలెడు ప్రాణిని చూచి, తలయెత్తి, తోక కొనను మెల్లమెల్లగా ఆడించి, ఒక్క దూకున నోట కఱచుకొనుట దాని స్వభావము. కనుక దీనిని పెంచువారు ఏడాది పొడవునను సజీవములగు పురుగులను సమకూర్పక తీఱదు. పెరటిలో దొరికిన దానిని పట్టి వేయుట సులభమార్గముగా తోచును గాని, అందలి యపాయము చిన్నది కాదు. 1945 తరువాత డి.డి.టి. మున్నగు క్రిమిసంహారక ద్రవ్యములు అమెరికాలో తోటలకును పొలములకును వ్యాపించినందున, గడ్డిలో నెగురు మిడత యే విషమును మోసికొని వచ్చునో చెప్పుట యెవరి తరమును కాకపోయెను. మనుష్యుడు చల్లిన విషము మాత్రమే కాదు, ప్రకృతి యొసగిన విషమును కలదు. మిణుగురు పురుగుల దేహమున గుండెను దెబ్బతీయు ద్రవ్యములున్నవని కార్నెల్ విశ్వవిద్యాలయమున థామస్ ఐస్నర్ బృందము కనుగొనెను. ఆస్ట్రేలియా దేశపు గడ్డపుబల్లులు మిణుగురులను తిని మరణించిన వృత్తాంతములను 1999లో ఆయనయు సహచరులును ప్రకటించిరి. వెలుగు చూచి ముచ్చటపడి పిల్లలు పెట్టెలో వేయు ఆ చిన్న పురుగు ఒక్కటియే బల్లి ప్రాణము తీయుటకు చాలునన్నమాట.

అట్లయిన నిర్భయముగా పెట్టదగిన పురుగు ఎచ్చటి నుండి వచ్చినది? బల్లులతో నే సంబంధమును లేని గాలపు వేట నుండి వచ్చినది. అమెరికా దక్షిణ రాష్ట్రములలోని నదులయందును చెఱువులయందును బ్రీమ్ అని వ్యవహరింపబడు చేపలను పట్టుటకు ఇలకోడి మేలైన యెర యని గాలము వేయువారికి చిరకాలముగా తెలియును. ఆ గిరాకీని చూచి జార్జియా రాష్ట్రపు గ్లెన్‌విల్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ కుటుంబము 1947లోను, లూయిజియానాలోని పోర్ట్ ఆలెన్‌లో రిచర్డ్ ఫ్లూకర్ 1953లోను ఇలకోళ్ల పెంపకమునకు పూనుకొనిరి. వెచ్చగా నుంచిన కొట్టములలో, కోడిగ్రుడ్ల అట్ట ట్రేలను నిలువుగా పేర్చి, వాని సందులలో వేలకొలది పురుగులను దాచి, కోళ్లదాణా వంటి పిండితో మేపుదురు. తడి ఇసుకలోనో పీట్ మట్టిలోనో ఆడుపురుగు గ్రుచ్చి పెట్టిన గ్రుడ్లు, 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో సుమారు 2 వారములకు పిల్లలగును. మఱి యాఱు వారములు గడచునప్పటికి రెక్కలు వచ్చి, కొట్టమంతయు రొదతో నిండిపోవును. గాలమునకు ఋతువు కలదు. బల్లి యాకలికి ఋతువు లేదు. 1970ల తరువాత పెంపుడు బల్లుల వ్యాపారము విజృంభించినకొలదిని, చేపల యెరకై వెలసిన ఈ కొట్టములే బల్లులకు వంటయిండ్లయ్యెను.

అయితే గాలమునకు గ్రుచ్చిన పురుగు కదలిన చాలును. ఆహారమైన పురుగు ఎముకను గూడ పోషింపవలెను. ఈ భేదము తెలియుటకు ఎన్ని మూగజీవములు వ్యథ నొందినవో తలచికొనిన మనసు కలుక్కుమనును. కీటకమునకు ఎముక లేదు. దాని పైతొడుగు కైటిన్ అను పదార్థము. అందుచే ఇలకోడిలో కాల్షియము స్వల్పము, భాస్వరము దానికి పలు రెట్లు. దానినే తిని పెరిగిన బల్లికి దవడ మెత్తబడి, కాళ్లు వంకరపోయి, నడుము లేవకపోవును. వాషింగ్టన్ జాతీయ జంతుశాలకు చెందిన మేరీ ఆలెన్, ఓలవ్ ఆఫ్టెడాల్ అనువారు 1989లో ప్రకటించిన పరిశోధన ఇందుకొక మార్గమును స్థిరపఱచెను: ఇలకోళ్లకు ముందుగా కాల్షియము దండిగా గల దాణా పెట్టినచో, వాని పొట్టలోని ఆ ధాతువు తినిన ప్రాణికి చేరును. పురుగు ఏమి తినినదో అదియే బల్లి తినినదని లోకమునకు తెలిసినది.

రెండవ యుపాయము పొడి చల్లుట. సంచిలో కాల్షియము పొడి చిటికెడు వేసి, పురుగులను దానిలో విడిచి కుదిపినచో, తెల్లని ముసుగు వేసికొని బయటపడును. కాని ఇలకోడి శుభ్రతగల ప్రాణి, కొన్ని గంటలలోనే కాళ్లతో మీసములు తుడుచుకొని ఆ పొడిని రాల్చివేయును. తినక మిగిలినదానిని రాత్రి పెట్టెలో నుంచుట యింకను ప్రమాదము: ఆకలిగొన్న ఇలకోడి నిద్రించు బల్లి తోకను, కనురెప్పను కొఱుకును. బల్లి రెండు కన్నుల నడిమి యెడముకంటె పెద్దదగు పురుగును పెట్టరాదన్న నియమమును అనుభవజ్ఞులు పాటింతురు. తేనెపట్టులను పాడుచేయు మైనపుపురుగు కొవ్వుతో నిండినది; దానిని రుచికై అరుదుగా పెట్టవలెను. పిండిలో పెరుగు మీల్‌వార్మ్ చౌక, సులభము. అయినను కాల్షియపు లోటు దానికిని తప్పదు.

ఇంతలో పురుగులకే రోగము వచ్చినది. ఇలకోళ్లను పక్షవాతమువలె కూలద్రోయు డెన్సోవైరస్ 1977లో ఐరోపాలో గుర్తింపబడి, 2009, 2010 సంవత్సరములలో అమెరికా కొట్టములను చుట్టుముట్టెను. కోట్లాది పురుగులు నశించెను. దశాబ్దములుగా నిలిచిన కొన్ని సంస్థలు మూతపడెను. బల్లులకు దానివలన హాని కానరాలేదు గాని, వాని పళ్లెము ఖాళీయయ్యెను. వర్తకులు ఆ వ్యాధిని తట్టుకొను ఇతర ఇలకోళ్లకై వెదకిరి. ఈ వెదకులాటలో అంగళ్లలో అమ్ముడగుచున్న యొక ఇలకోడికి శాస్త్రమున పేరే లేదని తేలి, డేవిడ్ వైస్మన్, డేవిడ్ గ్రే మున్నగువారు 2012లో దానికి గ్రిల్లస్ లోకోరోహో అని నామకరణము చేసిరి. పరదేశపు పురుగు తప్పించుకొని అడవిపాలైనచో గలుగు కీడును గూర్చియు వారు హెచ్చరించిరి. ఈ విషయమున వారి భయము సహేతుకమని నా దృఢవిశ్వాసము. పెట్టెలోని బల్లికి క్షేమము చేకూర్చు త్వరలో పెట్టె వెలుపలి పొలమును మఱచుట న్యాయము కాదు.

ఇటీవలి కాలమున నల్లని సోల్జర్ ఈగ లార్వా ప్రశస్తి కెక్కినది. ఇది తన చర్మముననే కాల్షియమును నింపుకొనును గనుక, పైపొడి యక్కఱలేదని పలువురు సంతసించిరి. కాని నమలక మ్రింగిన లార్వా చర్మమునందలి ఆ ధాతువు చాలవరకు వంటబట్టక బయటపడుననియు, చర్మమునకు గంటు పెట్టినచో మేలుగా జీర్ణమగుననియు, కరిబియన్ దీవుల పెద్ద కప్పలపై జరిపి 2008లో ప్రకటించిన పరీక్షలు తెలిపినవి. అందుచేతనే జాగ్రత్తగల పెంపకందారుడు ఒక్క పురుగునే నమ్ముకొనక, ఇలకోడిని, మీల్‌వార్మును, ఈ లార్వాను మార్చి మార్చి పెట్టుచు, పొడి డబ్బాను విడువక యున్నాడు.